రేడియేటర్‌కి ఎంత లావు పైపు?

బ్రిటన్‌లో ఒక మామూలు ఇంట్లో నేలకి పరిచిన చెక్కలు ఎత్తి చూస్తే రాగి పైపులు జంటలు జంటలుగా కనిపిస్తాయి. ఒకటి బాయిలర్ నుంచి రేడియేటర్‌కి వేడినీళ్లు తీసుకెళ్లేది, రెండోది చల్లారిన నీళ్లను వెనక్కి తెచ్చేది. బాయిలర్ దగ్గర 22 మిల్లీమీటర్ల పైపు ఉంటుంది. దాన్నుంచి చీలి ఒక్కో రేడియేటర్‌కి వెళ్లే కొమ్మ 15 మిల్లీమీటర్లది. 1970ల నుంచి కట్టిన ఇళ్లు చాలావాటిలో ఆ కొమ్మ 10, కొన్నిచోట్ల 8 మిల్లీమీటర్లే. ఈ సైజులు చాలాకాలం అలవాటు ప్రకారం నడిచిపోయాయి, పెద్దగా ఇబ్బందీ రాలేదు. గ్యాస్ బాయిలర్ తీసి, బయటి గాలిలోని వేడిని కరెంటుతో లాగి నీళ్లకిచ్చే హీట్ పంప్ పెట్టుకోమని ప్రభుత్వమే డబ్బిచ్చి ప్రోత్సహిస్తున్న ఈ రోజుల్లో అలవాటు ఒక్కటే సరిపోవడం లేదు. స్లౌలోనో రెడింగ్‌లోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఈ విషయంలో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. ఇంట్లో పైపులన్నీ పీకి లావువి వేస్తే తప్ప హీట్ పంప్ పనిచేయదని ఒకరంటారు. ఉన్నవాటికే తగిలించుకోండి, ఏమీ కాదని ఇంకొకరంటారు. రెండు సలహాల్లోనూ ఉన్న లోపం ఒకటే. పైపు సైజుని పైపుని చూసి తేల్చవచ్చని ఇద్దరూ అనుకుంటున్నారు. నిజానికి దాన్ని తేల్చేది రెండు అంకెలు: గది ఎంత వేడి పోగొట్టుకుంటోంది, నీళ్లు రేడియేటర్‌లో ఎన్ని డిగ్రీలు చల్లారి తిరిగి రావాలని మనం పెట్టుకున్నాం. ఈ రెండూ చేతిలో ఉంటే చాలా ఇళ్లలో మార్చాల్సిన పైపు ఉన్నా, అది అందరూ అనుమానించే చోట ఉండదు.

కాబట్టి లెక్క గది దగ్గర మొదలుపెట్టాలి. బయట సున్నాకి రెండు మూడు డిగ్రీలు దిగువన ఉన్న రాత్రి లోపల 20 డిగ్రీలు నిలవాలంటే, గోడల్లోంచీ కిటికీల్లోంచీ పైకప్పులోంచీ సందుల్లోంచీ పోయే వేడిని పోయినంత జోరుగానూ తిరిగి నింపుతుండాలి. ఒక పడకగదికి అది ఒక కిలోవాట్, అంటే సెకనుకు వెయ్యి జౌళ్లు అనుకుందాం. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ చల్లారితే దాదాపు 4,200 జౌళ్లు విడుస్తాయి. అంతే పరిమాణం గాలి విడిచేదానికి ఇది సుమారు మూడున్నర వేల రెట్లు. ఇంత సన్నటి పైపుతో ఒక గదిని వెచ్చబెట్టగలగడం నీటికున్న ఈ గుణం చలవే. నీళ్లు రేడియేటర్‌లోకి 70 డిగ్రీలతో వెళ్లి 50తో బయటికొస్తే ఒక్కో లీటరూ 20 డిగ్రీల పాటి వేడిని గదిలో దించి వచ్చినట్టు. అప్పుడు ఆ కిలోవాట్ అందించడానికి నిమిషానికి ముప్పావు లీటరు కూడా అక్కర్లేదు, 0.72 లీటర్లు చాలు. 10 డిగ్రీలే చల్లారనిస్తే 1.44 లీటర్లు కావాలి. 5 డిగ్రీలే అయితే 2.9 లీటర్లు. గదీ అదే, వేడీ అంతే, నీళ్లు మాత్రం నాలుగింతలు.

ఈ లెక్కలో ఏవి లేవో కూడా చూడాలి. నీళ్లు ఎంత వేడిగా బయల్దేరాయన్నది ఇందులో లేదు. రేడియేటర్ ఎంత పెద్దదన్నదీ లేదు. హీట్ పంప్ పంపేది బాయిలర్ అంత వేడినీళ్లు కాదు, వాటిని మామూలుగా 5 డిగ్రీలే చల్లారనిస్తారు. అందుకే దానికి మారేటప్పుడు రేడియేటర్లు పెద్దవి పెట్టాల్సి రావడం నిజమే. యూరప్ ప్రమాణం ప్రకారం రేడియేటర్ మీద రాసే సామర్థ్యం 75 డిగ్రీల నీళ్లు లోపలికి వెళ్లి 65తో తిరిగొస్తూ, గది 20 డిగ్రీలున్నప్పుడు కొలిచినది. అదే రేడియేటర్‌లోకి 45 డిగ్రీల నీళ్లు పంపి 40తో వెనక్కి తీసుకుంటే, అది ఇచ్చే వేడి రాసినదాంట్లో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందుకే ఒంటి పలక రేడియేటర్ తీసి రెండు పలకలదో మూడు పలకలదో పెడతారు. రేడియేటర్ మూడింతలైంది కాబట్టి పైపు కూడా లావెక్కాలని చాలామందికి అనిపిస్తుంది, అలా అనిపించడంలో వింతేమీ లేదు. కానీ గది పోగొట్టుకునే వేడి మారలేదు కదా. పెద్ద రేడియేటర్ గోరువెచ్చని నీళ్లలోంచి అదే కిలోవాట్‌ని రాబట్టడానికి వచ్చింది. పైపు మీద భారం పెరిగితే అది ఆ 5 డిగ్రీల వల్ల పెరగాలి, రేడియేటర్ సైజు వల్ల కాదు.

నీళ్లు ఎన్ని కావాలో తేలాక, వాటిని ఏ బలంతో తోస్తున్నాం అన్నది రెండో ప్రశ్న. పాతకాలపు పైపులు అంత లావు ఎందుకున్నాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. విక్టోరియా కాలపు బడుల్లోనూ మొక్కల అద్దాల ఇళ్లలోనూ నాలుగంగుళాల పోత ఇనుప పైపులు వేసేవారు. ఆ రోజుల్లో పంపు లేదు. వేడినీళ్లు తేలికై పైకి లేవడం, చల్లారినవి బరువెక్కి కిందికి దిగడం, ఈ తేడాయే నీళ్లను తిప్పేది. ఆ తేడా ఎంతో చూడండి. 80 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు నీళ్లు సుమారు 972 కిలోలు, 60 డిగ్రీల దగ్గర 983 కిలోలు. బాయిలర్ కింద, రేడియేటర్ మూడు మీటర్ల పైన ఉంటే ఈ పదకొండు కిలోల తేడా వల్ల పుట్టే ఒత్తిడి 330 పాస్కల్స్ దరిదాపుల్లో ఉంటుంది, నీటిమట్టంలో చెబితే మూడున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువ. ఇవాళ ఇళ్లలో వాడే చిన్న పంపు అయిదు మీటర్ల నీటిమట్టమంత ఒత్తిడి (దీన్నే హెడ్ అంటారు) ఇస్తుంది, అంటే దానికి దాదాపు 150 రెట్లు. ఇంటి హీటింగ్ కోసం పంపులు జర్మనీలో 1920ల చివర మొదలై, బ్రిటన్ ఇళ్లలోకి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చాయి. పైపు సన్నబడటానికి అదే కారణం. 1967 నుంచి 1977 దాకా ఉత్తర సముద్రపు గ్యాస్ ఇంటింటికీ చేరింది. 1970 నాటికి దాదాపు మూడో వంతు ఇళ్లలోనే ఉన్న సెంట్రల్ హీటింగ్ ఆ తర్వాత దేశమంతా పాకింది. తక్కువ రాగితో, గోడలు పెద్దగా కొట్టకుండా, చేత్తో వంచి చెక్కల సందుల్లోంచి లాగేయగలిగే 8, 10 మిల్లీమీటర్ల మైక్రోబోర్ ఆ హడావుడిలోనే జనంలోకి వచ్చింది.

పైపు సన్నబడితే నీటి దారి ఎంత కష్టమవుతుందన్నది కంటితో అంచనా వేయగల విషయం కాదు. ముందు కొలతల సంగతి. బ్రిటన్‌లో రాగి పైపుకి చెప్పే సైజు బయటి వ్యాసం, నీళ్లు పారేది మాత్రం లోపలి వ్యాసంలో. 22 మిల్లీమీటర్ల పైపు లోపల 20.2 ఉంటుంది, 15ది 13.6, 10ది 8.8, 8ది 6.8. పైపు ఇరుకుకీ ప్రవాహానికీ ఉన్న సంబంధాన్ని మొదట పట్టుకున్నవాళ్లలో ఒకరు హాగెన్ అనే జర్మన్ ఇంజనీరు, ఇంకొకరు పోయిసే అనే ఫ్రెంచి వైద్యుడు. పోయిసేకి కావాల్సింది సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా నడుస్తుందన్న సంగతి. వెంట్రుకంత గాజు నాళాల్లో నీళ్లు పారించి కొలిచాడు. 1840ల నాటికి తేలిందేమిటంటే, నెమ్మదిగా పారే నీటికి పైపు వ్యాసం సగమైతే అదే ఒత్తిడితో పారే నీళ్లు సగమో పావో కావు, పదహారో వంతు. ఇంట్లో పైపులకి ఈ సూత్రం యథాతథంగా కుదరదు. ఎందుకు కుదరదో 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే ఇంజనీరు చూపించాడు. నీళ్ల తొట్టిలో బాకా మూతిలాంటి నోరున్న ఒక గాజు గొట్టం పెట్టి, దాని నోట్లోకి రంగునీళ్లు సన్నటి దారంలా వదిలాడు. నీళ్లు మెల్లగా పారినంతసేపు ఆ రంగు దారం గొట్టం పొడవునా బెసక్కుండా సాగింది. వేగం కొద్దికొద్దిగా పెంచుతూపోతే ఒక దశలో, నోటికి కొంత దూరాన, దారం ఉన్నట్టుండి చెదిరి గొట్టమంతా రంగు కలిసిపోయింది. ఆ గందరగోళపు పారుడులో సుళ్లు తిరగడానికే శక్తి ఖర్చవుతుంది. రేడియేటర్ పైపుల్లో నీళ్లు ఎక్కువగా ఈ రెండో తీరులోనే పారతాయి. అప్పుడు వ్యాసం తగ్గేకొద్దీ నిరోధం దాదాపు అయిదో ఘాతంలో పెరుగుతుంది. అవే నీళ్లు 22 బదులు 15లో పంపితే నిరోధం ఆరున్నర రెట్లు. 15 బదులు 10లో అయితే ఎనిమిది రెట్లు. నీళ్లు రెట్టింపైతే నిరోధం మూడు రెట్లు దాటుతుంది, నాలుగింతలైతే పదకొండు రెట్లు.

పైపు ఇరుకైతే నీళ్లు జోరుగా వెళ్తాయి కదా, సన్నపైపులోనూ అన్నే నీళ్లు చేరతాయి కదా అని అడిగేవాళ్లుంటారు. చేరతాయి, ఎవరైనా ఆ జోరుకి తగ్గ ఒత్తిడి ఇస్తే. పంపు పెద్దది పెడితే సరిపోదా అన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న. నీళ్లు నాలుగింతలూ నిరోధం పదకొండింతలూ అయినప్పుడు నీటి మీద పంపు చేయాల్సిన పని ఆ రెండింటి గుణకారం, అంటే దాదాపు 45 రెట్లు. కరెంటు ఆదా చేద్దామని హీట్ పంప్ పెట్టుకుని ఆ ఆదాలో కొంత పంపుకి ధారపోయడంలో అర్థం లేదు. పైగా వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు దాటితే మలుపుల దగ్గర పైపు కూత పెట్టడం మొదలవుతుంది, రాత్రిపూట పడకగదిలో ఆ చప్పుడు భరించడం కష్టం. అదే జోరు ఏళ్ల తరబడి సాగితే మోచేతి మలుపుల్లో రాగి లోపలి నుంచి అరుగుతుంది. అందుకే ఇంటి పైపుల్లో వేగం సెకనుకు ఒక మీటరు చుట్టుపక్కల ఉండేలా చూడటం మంచి పద్ధతి.

ఆ ఒక మీటరు వేగాన్ని హద్దుగా పెట్టుకుంటే ఏ పైపు ఎంత వేడి మోయగలదో ఎవరైనా కాగితం మీద తేల్చుకోవచ్చు. నీళ్లు 20 డిగ్రీలు చల్లారే ఏర్పాటులో 15 మిల్లీమీటర్ల రాగి పైపు 12 కిలోవాట్లు మోస్తుంది, 22ది దాదాపు 27, 10ది 5, 8ది 3 కిలోవాట్లు. చల్లారేది 5 డిగ్రీలే అయితే ఇవన్నీ నాలుగో వంతుకి పడిపోతాయి: 15కి 3 కిలోవాట్లు, 22కి 6.7, 10కి 1.3, 8కి ముప్పావు కిలోవాట్. 28 మిల్లీమీటర్ల పైపు 5 డిగ్రీలకి 11 కిలోవాట్ల పైన మోస్తుంది. ఇప్పుడు ఈ అంకెల్ని ఒక ఇంటికి తగిలిద్దాం. లండన్ శివార్లలో 1930ల నాటి మూడు పడకగదుల ఇల్లు, కిటికీలకి జంట అద్దాలు వేసి, గోడల మధ్య ఖాళీలో దూది నింపించాక, గడ్డు చలిలో మొత్తం 7 కిలోవాట్లు పోగొట్టుకుంటోందనుకుందాం. హాలుకి 1.8 కిలోవాట్లు, పెద్ద పడకగదికి ఒకటి, తక్కిన గదులకి అంతకన్నా తక్కువ. 15 మిల్లీమీటర్ల కొమ్మ ఒక్కటే 3 కిలోవాట్లు మోయగలిగినప్పుడు, ఒక గది అంత అడగనప్పుడు, ఆ కొమ్మల్ని పీకాల్సిన అవసరం ఎక్కడిది? నొక్కు పడేది మొదట్లో. అన్ని గదుల నీళ్లూ కలిసి పారే 22 మిల్లీమీటర్ల కాండంలో నిమిషానికి 20 లీటర్లు పోవాలి. అది సెకనుకు ఒక మీటరు హద్దుని కాస్త దాటినట్టే. ఆ కాండంలో మొదటి నాలుగైదు మీటర్లు, బాయిలర్ దగ్గర నుంచి పైపు రెండుగా చీలే చోటు దాకా, 28కి మార్చితే అక్కడి వేగం 0.6కి దిగుతుంది. ఈ భాగం సాధారణంగా బాయిలర్ ఉండే అరలోనో వంటగదిలోనో బయటికి కనిపిస్తూనే ఉంటుంది. ఇల్లంతా నేలచెక్కలు లేపాల్సిన పని కాదు.

8 మిల్లీమీటర్ల మైక్రోబోర్ ఉన్న ఇంటి సంగతి వేరు. ముప్పావు కిలోవాట్ దాటిన గదికి ఆ పైపు 5 డిగ్రీల ఏర్పాటులో చాలదు, పది మీటర్ల దూరం ఉంటే అసలు చాలదు. 10 మిల్లీమీటర్లది సరిహద్దులో ఉంటుంది. కిలోవాట్ గదికి 5 డిగ్రీల చొప్పున నీళ్లు పంపితే మీటరుకి వెయ్యి పాస్కల్స్ పైచిలుకు ఒత్తిడి ఖర్చు, 20 డిగ్రీలకైతే వంద కూడా కాదు. పోనూ రానూ ఇరవై మీటర్లున్న కొమ్మకి అది రెండు మీటర్ల హెడ్ దాకా తినేస్తుంది. పంపు దాన్ని మోయవచ్చు, మిగతా దారిలో ఇంకేం ఖర్చు లేకపోతే. ఇక్కడ ప్లాస్టిక్ పైపు గురించి ఒక మాట. బయట 15 మిల్లీమీటర్లే ఉన్నా ప్లాస్టిక్ గోడ మందం ఎక్కువ, చాలా రకాల్లో లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్ల లోపే. నిరోధం రాగి దానికి ఇంచుమించు రెట్టింపు. పైగా ప్రతి అతుకు దగ్గరా పైపు లోపలికి ఒక చిన్న గట్టి తొడుగు దూర్చుతారు, అక్కడ దారి మరింత ఇరుకు. కొత్త ఇళ్లలో పైపులు సరిపోతాయి, పాత ఇళ్లలో సరిపోవు అన్న ధీమా ఈ ఒక్క కారణంతోనే చాలాసార్లు తలకిందులవుతుంది.

పైపులన్నీ మార్చాల్సిందేనని అనేవాళ్లు గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఈ ఇళ్లకి పైపులు వేసింది 20 డిగ్రీల లెక్కతో, ఇప్పుడు 5కి దిగుతున్నాం, నాలుగింతల నీళ్లు ఎక్కడ పడతాయి అని. వినడానికి తిరుగులేనట్టే ఉంటుంది. చరిత్ర చూస్తే నిలవదు. బ్రిటన్‌లో పాత అలవాటు నీళ్లను 82 డిగ్రీలకి పంపి 71కి వెనక్కి తేవడం, అంటే ఫారన్‌హీట్‌లో సరిగ్గా 20 డిగ్రీలు, మన కొలతలో 11. ఆ 20 డిగ్రీల సెల్సియస్ మాట కండెన్సింగ్ బాయిలర్లతో వచ్చింది. పొగలోని నీటి ఆవిరిని చల్లార్చి దాని వేడిని కూడా రాబట్టుకోవాలంటే తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపుండాలి, కాబట్టి రేడియేటర్‌లో నీళ్లను బాగా చల్లారనివ్వాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ బాయిలర్లు దాదాపు తప్పనిసరైంది 2005లో. అంతకు ముందు వేసిన పైపులు 11 డిగ్రీల కోసం వేసినవి. అప్పట్లో ఇళ్లు కూడా చలిని అంతగా ఆపేవి కావు. మన ఉదాహరణ ఇల్లే 1975లో 12 కిలోవాట్లు పోగొట్టుకునేదనుకుంటే, 11 డిగ్రీల చొప్పున దానికి నిమిషానికి 15.7 లీటర్లు కావాలి. ఇవాళ 7 కిలోవాట్లకి 5 డిగ్రీల చొప్పున 20 లీటర్లు. నాలుగింతలు అన్నది పోయి, పెరిగింది నాలుగో వంతు పైచిలుకే అని తేలింది. జంట అద్దాలకీ గోడల్లో నింపిన దూదికీ పెట్టిన డబ్బులో కొంత పైపుల ఖాతాలో కూడా జమ అయినట్టే.

అలాగని ఏమీ చేయనక్కర్లేదనేవాళ్లతోనూ ఏకీభవించలేం. చలికి తట్టుకున్న ఇల్లే కదా, పైపులు బాగున్నట్టే కదా అని వాళ్లంటారు. ఆ ఇల్లు తట్టుకున్నది 70, 80 డిగ్రీల నీళ్లతో. అంత వేడినీళ్లు పారేటప్పుడు రేడియేటర్లలో ఒకదానికి నీళ్లు సగమే అందినా అది కాస్త ఎక్కువ చల్లార్చి గదిని నెట్టుకొస్తుంది, లోపం బయటపడదు. 45 డిగ్రీలకి దిగాక ఆ వెసులుబాటు ఉండదు, నీళ్లు అందని గది చల్లగా మిగిలిపోతుంది. సాధారణంగా ఆ గది పంపుకి అన్నిటికన్నా దూరంలో ఉన్నది. కాల్వ మొదట్లో ఉన్నవాళ్లు తూములు బార్లా తెరిస్తే చివరి ఆయకట్టు ఎండినట్టే ఇదీ. కాల్వని వెడల్పు చేసినంత మాత్రాన చివరి చేనుకి నీళ్లు రావని మన రైతులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రేడియేటర్లకీ అంతే. ప్రతి రేడియేటర్‌కీ రెండు వాల్వులుంటాయి. అంకెలున్నది మనం తిప్పుకునేది. రెండో కొసన తెల్ల ప్లాస్టిక్ టోపీ కింద లాక్‌షీల్డ్ వాల్వ్ ఉంటుంది. టోపీ లాగేస్తే చదును చేసిన చిన్న ఇత్తడి కాడ కనిపిస్తుంది, చిన్న స్పానర్‌తో తిప్పాలి. పంపుకి దగ్గరున్న రేడియేటర్లలో దాన్ని పూర్తిగా మూసి పావు తిప్పు మాత్రం తెరిచి, దూరం పెరిగేకొద్దీ ఎక్కువ తెరుస్తూ, చిట్టచివరి దాన్ని బార్లా వదిలేస్తారు. పైపు చిన్నదని నింద పడ్డ చాలా ఇళ్లలో అసలు లోపం ఈ వాల్వులన్నీ ఒకేలా తెరిచి వదిలేయడం. పైపులు మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది ఒక పూట పని.

అయితే లావు పైపు వేస్తే నష్టమేముంది, ఎటూ పని పెట్టుకున్నాం కదా అన్న వాదన కూడా ఉంది. నష్టాలున్నాయి, కొన్ని చిన్నవి, ఒకటి పెద్దది. 15 మిల్లీమీటర్ల పైపు మీటరుకి సుమారు 145 మిల్లీలీటర్లు పట్టుకుంటే 28ది 540 పట్టుకుంటుంది. ఆ నీళ్లన్నీ వేడెక్కాకే గది వెచ్చబడుతుంది. పైపు ఒంటి నుంచి నేల కింద వృథా అయ్యే వేడి కూడా పెరుగుతుంది. వేగం సెకనుకు 0.3 మీటర్ల కన్నా బాగా తగ్గితే నీళ్లలోని గాలి బుడగలు కొట్టుకుపోకుండా ఎత్తైన మలుపుల్లో పోగై దారికి అడ్డం పడతాయి. ఇవి చిన్న నష్టాలు. పెద్దది రాగి ధరా, గోడలు పగలగొట్టి మళ్లీ పూసే కూలీ. ఇక్కడ హీట్ పంప్ వైపు నుంచి ఒక న్యాయమైన మాట చెప్పాలి. చలికాలంలో దాని బయటి యంత్రం మీద మంచు పేరుకుంటుంది, అప్పుడప్పుడు ఇంట్లో నీళ్ల నుంచి కాస్త వేడి వెనక్కి తీసుకుని దాన్ని కరిగించుకుంటుంది. అందుకు పైపుల్లో కొన్ని నీళ్లు నిల్వ ఉండటం మంచిదే. కాండాన్ని 28కి మార్చడం వల్ల ఆ లాభం కూడా కొంత కలుస్తుంది. కొమ్మలకి ఈ వాదన వర్తింపజేయడానికి నాకు కారణం కనిపించదు.

చివరికి అడగాల్సిన అసలు ప్రశ్న, ఆ 5 డిగ్రీల లెక్క శిలాశాసనమా అని. కాదు. సగటున 42.5 డిగ్రీల నీళ్లుంటే రేడియేటర్ ఇచ్చే వేడి దాదాపు ఒకటే, అది 45కి వెళ్లి 40కి వచ్చినా, 46.5కి వెళ్లి 38.5కి వచ్చినా. రెండో పద్ధతిలో చల్లారేది 8 డిగ్రీలు, మన ఇంటికి కావాల్సిన నీళ్లు నిమిషానికి 12.6 లీటర్లు. 1975 నాటి పైపులు మోసినదాని కన్నా అది తక్కువ. దీనికి చెల్లించే మూల్యం, పంపే నీళ్లు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. నీళ్ల వేడి ఒక డిగ్రీ పెరిగితే హీట్ పంప్ కరెంటు ఖర్చు రెండు శాతం పైచిలుకు పెరుగుతుందని మోటు లెక్క. అంటే మూడు నాలుగు శాతం. ఒక్కో హీట్ పంప్‌కీ ఇంతకు తగ్గకూడదని తయారీదారు పెట్టిన కనీస ప్రవాహం ఉంటుంది, దానికన్నా మాత్రం కిందికి పోకూడదు. ఆ హద్దు లోపల ఉన్నంతవరకూ, ఇల్లంతా పైపులు మార్చే ఖర్చుని ఈ మూడు నాలుగు శాతం పక్కన పెట్టి చూసుకుంటే నిర్ణయం కష్టం కాదు. 2022 జూన్ నుంచి ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం కొత్తగా వేసే లేదా పూర్తిగా మార్చే హీటింగ్‌కి నీళ్లు 55 డిగ్రీలు మించకుండా రూపకల్పన చేయాలి. ఎన్ని డిగ్రీలు చల్లారాలన్నది మాత్రం ఇంటిని బట్టి తేల్చుకోవాల్సిన సంగతే.

బాయిలర్ ఉండగానే ఇదంతా పరీక్షించుకోవచ్చు. జనవరిలో బాయిలర్‌ని 50 డిగ్రీలకి తగ్గించి ఓ వారం చూడండి, గదులు వెచ్చగా ఉంటే ఇల్లు హీట్ పంప్‌కి సిద్ధం అని ఒక సలహా బాగా తిరుగుతోంది. మంచి సలహానే, కానీ అది రేడియేటర్లు చాలినంత పెద్దవా కావా అన్నది చెబుతుంది, పైపుల గురించి చెప్పదు. బాయిలర్ తన నీళ్లను 15, 20 డిగ్రీలు చల్లారనిస్తూ కొద్ది నీళ్లతోనే పని కానిచ్చేస్తూ ఉండవచ్చు. పైపుల సంగతి తెలియాలంటే పంపుని గరిష్ఠ వేగంలో పెట్టి, బాయిలర్ దగ్గర వెళ్లే పైపుకీ వచ్చే పైపుకీ చెరొక థర్మామీటర్ బిగించాలి. ఇల్లు స్థిరంగా వెచ్చబడ్డాక, గంట సేపు గ్యాస్ మీటర్ ఎంత తిరిగిందో చూడాలి. ఘనపు మీటరు గ్యాస్‌లో దాదాపు 11 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది, మంచి బాయిలర్ అందులో పదింట తొమ్మిది వంతులు నీళ్లకిస్తుంది. గంటకి 0.6 ఘనపు మీటర్లు కాలితే ఇల్లు 6 కిలోవాట్లు తీసుకుంటున్నట్టు. అప్పుడు థర్మామీటర్ల మధ్య తేడా 8 డిగ్రీలుంటే ఆ పైపులు నిమిషానికి దాదాపు 10.8 లీటర్లు పారనిస్తున్నాయి. తేడా 18 ఉంటే 4.8 లీటర్లే పారుతున్నాయి. అప్పుడు మొదట లాక్‌షీల్డ్ వాల్వుల వైపు, వాటి తర్వాత వంటగదిలోని ఆ నాలుగైదు మీటర్ల 22 పైపు వైపు చూడాలి.